సాఫీ జుట్టుకు డ్రెడ్‌లాక్స్ ఎలా నిలిచాయంటే

నాది సన్నటి, సాఫీ జుట్టు. డ్రెడ్‌లాక్స్ (పాయలను చిక్కుపరిచి తాళ్లలా గట్టిపరిచే జుట్టు తీరు) పెట్టుకున్న కొత్తలో తలస్నానం చేసిన ప్రతిసారీ కుదుళ్ల దగ్గర పాయలు జారిపోయేవి. బాగా ఉంగరాలు తిరిగిన జుట్టున్న నా స్నేహితురాలికి మాత్రం రెండేసి పాయలు మెలితిప్పి వదిలేస్తే చాలు, నెలలు గడిచేకొద్దీ వాటంతటవే బిగుసుకున్నాయి. నా జుట్టులో ఆ మెలిక ఇట్టే విడిపోతుంది.

నాకు పనిచేసింది దువ్వెన, క్రోషే సూది (చివర చిన్న కొక్కెం ఉండే అల్లిక సూది). పాయ చివర గట్టిగా పట్టుకుని, మాడుకు దగ్గరగా మొదలుపెట్టి, మాడు వైపుకే వెనక్కి దువ్వుతూ చిక్కు పడేలా చేశాను. తర్వాత 0.75 మి.మీ. సూదిని పాయలోకి అడ్డంగా గుచ్చి, రెండు మూడు వెంట్రుకలు కొక్కేనికి తగిలించి అవతలికి లాగాలి. పాయను తిప్పుతూ అన్ని వైపుల నుంచీ ఇలాగే చేస్తే, వేళ్ల మధ్య నొక్కినప్పుడు మెత్తదనం పోయి గట్టిగా తగులుతుంది. చాలా ఓపిక కావాలి, కానీ ఫలితం చూస్తే ప్రాణం లేచొస్తుంది. పాయలు నిలవడానికి రాసే మైనం జోలికి మాత్రం వెళ్లకండి. లోపల పేరుకుపోయి, దుమ్ము పట్టి, కడిగినా ఓ పట్టాన వదలదు.

తలస్నానం మానేయాలన్న మాట నమ్మొద్దు. శుభ్రమైన జుట్టే బాగా చిక్కుపడుతుంది, జిడ్డు ఉంటే జారుతుంది. అసలు పని ఆరబెట్టడం. పాయ లోపల తడి మిగిలితే ముక్కిన వాసన వస్తుంది, బూజు కూడా పట్టొచ్చు. టవల్‌తో ఒక్కో పాయనూ పిండి, పడుకునేలోగా పూర్తిగా ఆరనివ్వండి.

కుదుళ్లు మాటిమాటికీ బిగించాలని టెన్షన్ పడకండి. లాగుడు ఎక్కువైతే నుదుటి దగ్గర జుట్టు పలచబడుతుంది. మాడు నొప్పి పెడుతుంటే వెంటనే వదులు చేయండి.