మేడ మీద గడ్డి దుబ్బులు: చల్క మట్టి, కొడవలి, కొంచెం ఓపిక

మహబూబ్‌నగర్‌లో మా మేడ మీద ఇప్పుడు పద్నాలుగు గడ్డి కుండీలున్నాయి. మొదట కొన్న నాలుగు ఊదా రంగు ఫౌంటెన్ గ్రాస్ (అందానికి పెంచుకునే, కంకులు వంగే గడ్డి) మొక్కలు మాత్రం రెండు నెలల్లోనే పోయాయి. ఎండకు మాడాయనుకున్నాను. కుండీ బోర్లించి చూస్తే వేర్లు నల్లబడి కుళ్లు వాసన వచ్చింది. మొక్కతో వచ్చిన జిగట మట్టి ముద్దను విప్పకుండా పెట్టి, రెండు పూటలా బకెట్లతో నీళ్లు పోసింది నేనే.

అందుకే ఇప్పుడు మొక్క తేగానే ముద్దను నీళ్లలో నానబెట్టి, జిగటంతా వేళ్లతో మెల్లగా విడదీస్తాను. మట్టికి ఎక్కడికీ పోనక్కర్లేదు. రెండు తట్టల ఎర్ర చల్క, ఒక తట్ట ఇసుక, ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు, చెదలు రాకుండా గుప్పెడు వేపపిండి. కుండీ 14 అంగుళాలుండాలి, అడుగున రంధ్రాలు తప్పనిసరి. యూరియా జోలికి పోకండి. ఆకు ఏపుగా పెరిగి, గాలికి దుబ్బంతా పక్కకు వాలిపోతుంది.

వేలు రెండు కణుపులు దించి, తడి తగలకపోతేనే నీళ్లు పోయాలి. రోహిణి కార్తెలో మేడ మీది కుండీలకు రోజూ కావాలి. మా బోరు నీళ్లకు కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, ఆకు చివర్లు మాడతాయి. వాన నీళ్లు పట్టి ఉంచి, అప్పుడప్పుడు అడుగు నుంచి కారేదాకా పోస్తే ఆ ఉప్పు కొంత కడిగిపోతుంది.

శివరాత్రి దాటాక కోత. దుబ్బును తాడుతో గట్టిగా బిగించి కట్టి, కొడవలితో జానెడు ఎత్తు వదిలి కోయాలి. కట్టకుండా కోస్తే ఆకులన్నీ మేడంతా ఎగురుతాయి. నేలకు ఆనించి కోస్తే పిలకల మొదళ్లు దెబ్బతింటాయి. నిమ్మగడ్డి అంచు చేతిని కోసేస్తుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

మూడేళ్లకు దుబ్బు నడుమ ఎండి, చుట్టూ మాత్రమే పచ్చగా ఉంటుంది. అప్పుడు విడదీయాలి. అందుకు మృగశిర కార్తె, మావాళ్లు మిరుగు అనేది, సరైన అదను. దుబ్బు పెకిలించి గడ్డపారతో చీల్చి, ఐదారు పిలకలున్న ముక్కలు నాటండి. నడిమి ఎండు భాగం పారేయండి.

ఊదా రకానికి విత్తనం దాదాపు పట్టదు. ఆకుపచ్చ ఫౌంటెన్ గ్రాస్ అలా కాదు. సజ్జకు దాయాది అది, కంకులు చూస్తేనే తెలుస్తుంది. గింజ గాలికి పోయి పక్క చేన్లో మొలుస్తుంది, అందుకే ముదరకముందే కంకులు కోసేయండి. దసరా ముందు కృష్ణ ఒడ్డున తెల్లగా పూసిన రెల్లు ఎంత ముచ్చటగా ఉన్నా ఇంటికి తేవద్దు. భూమిలో దుంపవేర్లతో పాకుతుంది, తీయడం మన వల్ల కాదు.

నీడ పట్టున మోండో గ్రాస్ పెట్టుకోవచ్చు. అసలది గడ్డి జాతి కాదు, చూడ్డానికి మాత్రం అలాగే ఉంటుంది.

వట్టివేరుకు కుండీ చాలదు, వేరు లోతుకు దిగుతుంది. సగం కోసిన నీలం డ్రమ్ములో పెట్టాను. ఏడాదిన్నరకు డ్రమ్ము బోర్లించి వేర్లు కడిగి, పిలకలు మళ్లీ నాటాను. ఆ వేర్లలో ఒక గుప్పెడు ఇప్పుడు మా మంచినీళ్ల కుండలో ఉన్నాయి.