బ్యాక్‌యార్డ్‌లో స్మోకర్ వెలిగించే ముందు

అమెరికాలో కొత్తగా స్మోకర్ (బొగ్గుల పొగతో మాంసం వండే పొయ్యి) కొన్నారా, అపార్ట్‌మెంట్ అయితే ముందు లీజ్ చదవండి. చాలా ఊళ్లు ఫాలో అయ్యే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ ప్రకారం చెక్క బాల్కనీ మీద గానీ, అంటుకునే గోడకి 10 అడుగుల లోపు గానీ బొగ్గులు వెలిగించకూడదు. సొంతిల్లయితే ఆ రూల్‌లో మినహాయింపు ఉంది, అయినా ఆ దూరం వదిలేయండి, ఇంటి బయటి గోడలకి వేసే ప్లాస్టిక్ పలకలు, అదే వినైల్ సైడింగ్, వేడికి మెత్తబడి వంకర్లు పోతుంది, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్ల రూల్స్ ఎలాగూ వేరే. వానొచ్చిందని గరాజ్‌లోకి మాత్రం లాగొద్దు, డోర్ తీసున్నా సరే, బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు కాబట్టి తెలీను కూడా తెలీదు. బూడిదలో నిప్పు మర్నాటిదాకా ఉంటుంది, ప్లాస్టిక్ చెత్తడబ్బాలో పోయకుండా మూతున్న ఇనప బకెట్లో వేసి నీళ్లు కొట్టండి. చికెన్ లోపల 165 ఫారెన్‌హీట్ దాటాకే దించండి, రంగు చూసి కాదు, థర్మామీటర్ గుచ్చి.