ఆఫీసు, షాపు, ఆసుపత్రి లిఫ్టులు: జాగ్రత్త తలుపు దగ్గర మొదలవ్వాలి

లిఫ్ట్ అనగానే అందరికీ ఒకటే భయం, రోప్ తెగిపోతుందేమోనని. ఆ భయానికి ఇంజినీర్లు ఎప్పుడో జవాబు చెప్పేశారు. రోప్‌తో నడిచే లిఫ్టులో మనుషులెక్కాలంటే ఒక్క రోప్ చాలదు. రెండుకు తక్కువ కాకుండా ఉండాలి, వాటిలో ఏ ఒక్కటైనా నిండు క్యాబిన్‌ని మోయగలగాలి. అన్నీ తెగినా సరే, వేగం ఉండాల్సినదానికంటే 15 శాతం పైచిలుకు పెరిగితే వేగాన్ని కనిపెట్టే గవర్నర్ పనిచేస్తుంది, క్యాబిన్‌కున్న సేఫ్టీ గేర్ పక్కనున్న నిలువు పట్టాలను (గైడ్ రైళ్లను) పట్టుకుని క్యాబిన్‌ని ఆపేస్తుంది. భవనం నడిపేవాళ్లు నిజంగా భయపడాల్సింది తలుపు గురించి. క్యాబిన్ రాకుండానే తెరుచుకునే తలుపు, తలుపు మూయకుండానే కదిలే క్యాబిన్, అంతస్తుల మధ్య ఆగిన క్యాబిన్‌లోంచి కిందికి దూకడం: వార్తల్లో చదివే ప్రమాదాలు తిరగేస్తే ఈ మూడే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

తలుపు లాక్, దాని మీద వేసే జంపర్

ప్రతి అంతస్తులోనూ బయటి తలుపుకి పైన ఒక లాక్ ఉంటుంది. దాని కొక్కెం తలుపుని పట్టి ఉంచుతుంది, దాని కాంటాక్టు తలుపు పడిందని కంట్రోలర్‌కి చెబుతుంది. కొక్కెం కనీసం 7 మిల్లీమీటర్లు లోపలికి దిగాకే కాంటాక్టు కలవాలి. అన్ని అంతస్తుల కాంటాక్టులూ ఒకే లైన్లో సిరీస్‌గా ఉంటాయి కాబట్టి, ఎక్కడ ఏ ఒక్కటి విడినా మోటారుకి కరెంటు ఆగి బ్రేక్ పడుతుంది.

సిరీస్ కావడం వల్లే ఇంకో తలనొప్పి. మూడో అంతస్తు కాంటాక్టుకి దుమ్ము పట్టిందంటే లిఫ్ట్ మొత్తం మాటిమాటికీ ఆగిపోతుంది. అద్దెకున్నవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. వచ్చిన మెకానిక్ దగ్గర స్పేర్ ఉండదు. కంట్రోలర్‌లో రెండు టెర్మినళ్ల మధ్య జంపర్ అనే ఒక వైరు ముక్క పెట్టి, "లాక్ షార్ట్ చేశాం సార్, రేపొచ్చి మారుస్తాం" అని వెళ్లిపోతాడు. ఆ రేపు నెలకి గానీ రాదు. అప్పటిదాకా తలుపు తెరిచి ఉన్నా లిఫ్ట్ నడుస్తూనే ఉంటుంది. ఎంత అర్జంటయినా జంపర్ మీద లిఫ్ట్ నడపడానికి ఒప్పుకోకండి. మాటిమాటికీ ఆగే లిఫ్ట్ ఏ స్పేరూ వేయకుండా పది నిమిషాల్లో బాగైపోయిందంటే, ఏం చేశావని అడిగి లాగ్ బుక్‌లో రాయించి సంతకం పెట్టించండి.

మీరే చూసుకోగల పరీక్షలు ఉన్నాయి. క్యాబిన్ వేరే అంతస్తులో ఉండగా తలుపుకి దూరంగా కాళ్లు నిలదొక్కుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో బయటి తలుపుని గట్టిగా లాగండి. రాకూడదు. కాస్త ఆడినా పర్వాలేదు, తెరుచుకుంటే మాత్రం ఆ క్షణమే లిఫ్ట్ ఆపించాలి. చేత్తో తీసే తలుపుల లిఫ్టయితే క్యాబిన్ మీ అంతస్తులో ఉన్నప్పుడు బయటి తలుపు కొంచెం తీసి పట్టుకుని, ఇంకొకరిని పై అంతస్తులో బటన్ నొక్కమనండి. మీరు బయటే నిలబడాలి. క్యాబిన్ కదలకూడదు. వాచ్‌మన్ వారానికోసారి అన్ని అంతస్తులూ ఇలా చూడాలి. ఆటోమేటిక్ తలుపుల లాక్ పరీక్ష మెకానిక్ మీ ఎదుటే చేయాలి.

పాత లాడ్జీల్లో, నర్సింగ్ హోముల్లో ఇంకా జాలీ గేట్ల లిఫ్టులున్నాయి. కొంగు, పిల్లల చేతులు ఆ సందుల్లోకి ఇట్టే వెళ్లిపోతాయి. వాటిని మార్చేయడమే మంచిది. మార్చేదాకా లోపల ఆపరేటర్ లేకుండా నడపకండి, పిల్లల్ని ఒంటరిగా ఎక్కనివ్వకండి.

లాక్ పాడవడానికి మన దగ్గర ఒక సొంత కారణం కూడా ఉంది, బకెట్లతో నీళ్లు కొట్టి లాబీ కడగడం. నీళ్లు తలుపు కింది గాడిలోంచి క్యాబిన్ తిరిగే షాఫ్టులోకి కారి, కింది అంతస్తు లాక్ మీద పడతాయి. లిఫ్ట్ ముందర తడి గుడ్డతో తుడవాలే గానీ నీళ్లు కొట్టకూడదు. గాడిలో ఇసుక, బాటిల్ మూతలు ఉంటే తలుపు పూర్తిగా పడదు. రోజూ పొద్దున బ్రష్‌తో తీయించండి.

బరువు లెక్క

మన ప్రమాణాల్లో మనిషికి 68 కిలోలు. అందుకే ఆరుగురి లిఫ్ట్ మీద 408 కిలోలని, ఎనిమిదిమందిదైతే 544 అని, పదిమందిదైతే 680 అని ఉంటుంది. ఎనిమిది సిమెంట్ బస్తాలు 400 కిలోలు. వాటితో పాటు కూలీ ఒక్కడెక్కినా ఆరుగురి లిఫ్టులో ఓవర్‌లోడే. సామాన్లు దించే రోజున ఒకరు దగ్గరుండి లెక్కపెట్టాలి. బరువంతా ఒక మూలనే పెట్టనివ్వకూడదు. చిన్న చక్రాల ట్రాలీని అంచు మీదుగా ఈడ్చేస్తే గాడి వంకర పోయి తలుపు పట్టేస్తుంది. ప్లైవుడ్ షీట్లు పట్టాలని తలుపు సెన్సర్ మీద టేపు అంటించడం ఇంకో దురలవాటు.

ఎవరూ పట్టించుకోనిది లోపలి అలంకారం. క్యాబిన్ నేల మీద గ్రానైట్ వేయిస్తారు, గోడకి నిలువుటద్దం పెట్టిస్తారు. 18 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు మీటరుకి దాదాపు 48 కిలోలు. ఆరుగురి క్యాబిన్ నేల కాస్త అటూ ఇటూగా ఒక చదరపు మీటరు. అద్దం, ప్యానెళ్లు కలిపితే వంద కిలోలు తేలిగ్గా పెరుగుతుంది. రోప్ రెండో కొసన క్యాబిన్‌కి ఎదురు తూగే కౌంటర్‌వెయిట్ మాత్రం ఖాళీ క్యాబిన్ బరువుకి, మోయగల బరువులో 40 నుంచి 50 శాతం కలిపి లెక్కకట్టిందే ఉండిపోతుంది. దాంతో లిఫ్ట్ అంతస్తుకి సమంగా ఆగదు, బ్రేక్ లైనింగ్ త్వరగా అరుగుతుంది, నిండుగా దిగేటప్పుడు రోప్ జారే ప్రమాదం ఉంటుంది. పైగా పని అయ్యాక ఎవరో లోడ్ సెన్సర్‌ని మళ్లీ సున్నాకి సెట్ చేస్తారు. అంటే ఆ వంద కిలోలు సెన్సర్ లెక్కలోంచి మాయమైపోతాయి. బోర్డు మీద ఆరుగురని ఉంటుంది, నిజానికి చోటు నలుగురికే. క్యాబిన్ లోపల ఏ పని చేయించినా ముందు కంపెనీని అడిగి, తర్వాత బ్యాలెన్స్ సరిచేయించి, తూకపు రాళ్లతో ఓవర్‌లోడ్ పరీక్ష చేయించండి.

క్యాబిన్ అంతస్తుకి 10 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడాగా ఆగుతుంటే మెకానిక్‌ని పిలవండి. ఆసుపత్రిలో స్ట్రెచర్ చక్రం తట్టుకునేది, పెద్దవాళ్ల కాలు తగిలేది ఆ మెట్టుకే.

లోపల మనుషులు ఇరుక్కుంటే

ఈ వరుసని అచ్చు వేయించి కింద లాబీలో, మోటార్ రూమ్ తలుపు మీద అంటించండి.

1. ముందు ఇంటర్‌కమ్‌లో మాట్లాడండి. ఎంతమంది ఉన్నారో, ఎవరికైనా ఒంట్లో బాగా లేదేమో అడగండి. క్యాబిన్‌కి గాలి సందులుంటాయి, ఊపిరాడకపోవడం ఉండదని చెప్పండి. ఫ్యాన్ ఆగితే ఉక్కపోత మాత్రం తప్పదు. తలుపుకి ఆనుకోవద్దని, తలుపు లాగొద్దని చెప్పండి.

2. కరెంటు పోయి ఆగితే ఒకటి రెండు నిమిషాలు చూడండి. ఏఆర్‌డీ (కరెంటు పోయినప్పుడు ఆదుకునే పరికరం) పనిచేస్తే బ్యాటరీ మీద దగ్గరి అంతస్తుకి తెచ్చి తలుపు తీస్తుంది.

3. రాకపోతే కంపెనీకి ఫోన్ చేసి, మెయిన్ స్విచ్ ఆపండి. దాంతోపాటు ఏఆర్‌డీ స్విచ్ కూడా ఆపాలి. మెయిన్ ఆగగానే కరెంటు పోయిందనుకుని ఏఆర్‌డీ క్యాబిన్‌ని కదిలించవచ్చు, మీరు తలుపు తీసి మనిషిని దించుతున్న క్షణంలోనే.

4. క్యాబిన్ నేల అంతస్తుకి జానెడు లోపల ఉంటేనే, శిక్షణ పొందిన మనిషి త్రికోణపు తాళంచెవితో బయటి తలుపు తీసి దించవచ్చు.

5. అంతకంటే ఎత్తులో ఆగితే తీయకండి. క్యాబిన్ నేలకీ అంతస్తుకీ మధ్య సందులోంచి షాఫ్టు తెరిచి ఉంటుంది. దూకినవాడి కాలు జారితే క్యాబిన్ కిందుగా నేరుగా షాఫ్టు అడుగునున్న గుంతలో పడతాడు.

6. బ్రేక్ వదిలి మోటారు చక్రం చేత్తో తిప్పడం వాచ్‌మన్ పని కాదు. లోపల ఒకరిద్దరే ఉంటే కౌంటర్‌వెయిట్ ఎక్కువ బరువుంటుంది, బ్రేక్ వదలగానే క్యాబిన్ పైకి పోతుంది, కిందికి కాదు.

7. దించాక అన్ని అంతస్తుల తలుపులూ లాగి చూసి, మెకానిక్ వచ్చి చూశాకే మళ్లీ నడపండి.

త్రికోణపు తాళంచెవి ఇద్దరు ముగ్గురు శిక్షణ పొందినవాళ్ల దగ్గరే ఉండాలి. సెక్యూరిటీ టేబుల్ సొరుగులో పడేసి ఉంచితే ఎవరైనా వాడేస్తారు.

అగ్ని ప్రమాదంలో లిఫ్ట్ ఎక్కకూడదని అందరికీ తెలుసు. 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తు భవనాల్లో ఫైర్‌మెన్ లిఫ్ట్ వేరే సంగతి. కనీసం 544 కిలోలు మోయాలి, 60 సెకన్లలో పై అంతస్తు చేరాలి, కింది అంతస్తులో దాని స్విచ్ అద్దం వెనక ఉండాలి. ఆ స్విచ్ ముందు బీరువాలు, పూలకుండీలు పెట్టకండి.

సెల్లారు నీళ్లు, మోటార్ రూమ్

హైదరాబాద్‌లో గంట వాన కొడితే చాలు, సెల్లార్లలోకి నీళ్లు వస్తాయి. లిఫ్ట్ గుంతలో స్ప్రింగులు, గవర్నర్ కింది చక్రం, స్టాప్ స్విచ్, వైరింగ్ ఉంటాయి. నీళ్లు రావడం మొదలవగానే క్యాబిన్‌ని రెండో అంతస్తుకో పైకో పంపి, ఖాళీ అని చూసుకుని, మెయిన్, ఏఆర్‌డీ రెండూ ఆపేయండి. నీళ్లు తోడాక కూడా మెకానిక్ ఆరబెట్టి చూడకుండా ఆన్ చేయొద్దు. కిందపడ్డ తాళాల కోసం, ఫోన్ కోసం గుంతలోకి దిగడం మెకానిక్ పనే.

మోటార్ రూమ్‌కి తాళం ఉండాలి. చీపుర్లు, పెయింట్ డబ్బాలు అక్కడ పెట్టకూడదు. లోపల 40 డిగ్రీలు దాటకుండా గాలి ఆడాలి. ప్యానెల్ ముందు రబ్బరు మ్యాట్, పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ చాలు. రెండు లిఫ్టులుంటే ఏ స్విచ్ దేనిదో పెద్దక్షరాలతో రాయించండి.

ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) వేరు, తనిఖీ వేరు

నెలనెలా వచ్చి నూనె వేసి వెళ్లే మెకానిక్కే లిఫ్ట్ భద్రంగా ఉందని సర్టిఫికెట్ ఇస్తే, తన పనికి తనే మార్కులు వేసుకున్నట్టు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 28వ సెక్షన్‌లోనే ఆరు నెలలకోసారి సమర్థుడైన వ్యక్తితో పూర్తి తనిఖీ, దానికో రిజిస్టరు అని రాశారు. మనుషులెక్కే లిఫ్టులకి బ్రిటన్ 1998 నిబంధనలు పెట్టిన గడువూ ఆరు నెలలే, అక్కడ షాపో కేర్ హోమో నడిపే తెలుగువాళ్లకి ఇది తెలిసిందే. మీది ఫ్యాక్టరీ కాకపోయినా అదే కొలత పెట్టుకోండి. బెంగళూరులోనో చెన్నైలోనో ఆఫీసు ఉంటే కర్ణాటక 2012 చట్టం, తమిళనాడు 1997 చట్టం కింద అనుమతులు కూడా చూసుకోవాలి.

ఆ తనిఖీలో రోప్ తీగలు, బ్రేక్, గవర్నర్ చేత్తో పనిచేయించి సేఫ్టీ గేర్ పట్టు, లాక్‌లు, ఓవర్‌లోడ్ సెన్సర్, గంటసేపైనా వెలగాల్సిన ఎమర్జెన్సీ లైటు, అలారం అన్నీ ఉండాలి. ఏఆర్‌డీ పరీక్ష నెలకోసారి ఖాళీ క్యాబిన్‌తో మీరే చేసుకోవచ్చు. ఏ స్విచ్ ఆపి చూడాలో మెకానిక్‌ని చూపించమనండి. రెండు మూడేళ్లకి బ్యాటరీలు డీలా పడతాయి, ఏఎంసీలో బ్యాటరీలు కలిశాయో లేదో సంతకం పెట్టే ముందే చదవండి. ఇరుక్కున్నప్పుడు ఎన్ని నిమిషాల్లో వస్తారో కూడా అందులోనే రాయించండి.

తనిఖీ చేసినవాళ్లు ప్రమాదకర లోపం అని రాస్తే లిఫ్ట్ అక్కడితో ఆగాలి. మెయిన్ స్విచ్‌కి తాళం వేసి, ఆ తాళంచెవి ఒక్కరి జేబులోనే ఉంచి, బోర్డు కింది అంతస్తులో ఒక్కటే కాకుండా ప్రతి అంతస్తులోనూ పెట్టించండి.