గోదావరి జిల్లాల్లో ప్రైడ్ కమిటీ నడపాలనుకునేవాళ్ళకి

ప్రైడ్ అంటే గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ వాళ్ళు తలెత్తుకుని జరుపుకునే కార్యక్రమం, ఆ మాట అనగానే అందరికీ ముందు ర్యాలీయే గుర్తొస్తుంది, ఆరు రంగుల జెండా, డప్పులు, ఫోటోలు. అది ఏడాదికి ఒక్క పూట పని అండి. మిగతా రోజులన్నీ కమిటీ చేసేది ఎవరికీ కనపడని పని, ఫోన్లు ఎత్తడం, లెక్కలు రాయడం, ఎవరి పేరు ఎక్కడా బయటికి పోకుండా చూడడం. జనం రాలేదని బెంగ అసలొద్దు, 1999 జూలై 2న కోల్‌కతాలో మన దేశంలో మొదటి ప్రైడ్ నడక జరిగినప్పుడు నడిచింది ఓ పదిహేను మందే, హైదరాబాదులో మొదలైంది 2013లో. కాబట్టి అమలాపురంలోనో తణుకులోనో ఎనిమిది మంది కూర్చుని టీ తాగినా అది సంఘమే.

మన దగ్గర అసలు తిప్పలు వేరే. సిటీలో పక్క ఫ్లాటు వాళ్ళకి మన పేరు కూడా తెలీదు, ఇక్కడైతే బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన ఏ ఊరు బాబూ అంటాడు, ఎవరబ్బాయివి అంటాడు, ఇంటిపేరేంటి అంటాడు, అది చెప్పేసరికి మీ మేనమామ ఆయనకి క్లాస్‌మేట్ అని తేలుతుంది. అందుకే ఇక్కడ కమిటీ ఏ నిర్ణయం తీసుకున్నా, మీటింగ్ ఎక్కడ పెట్టాలన్నా, డబ్బు ఎలా తీసుకోవాలన్నా, ఫోన్ గ్రూపు ఎలా కట్టాలన్నా, దీనివల్ల ఎవరి గుట్టన్నా బయటపడుద్దా అని ముందు చూసుకోవాలి. నా మటుకు నాకు లీడర్ అంటే బాగా మాట్లాడేవాడు కాదు, తన మొహం నలుగురికీ తెలిసినా ఫర్లేదు అనుకుని ముందు నిలబడి, మిగతావాళ్ళని వెనకాల ఉండనిచ్చేవాడు. ఇంట్లో చెప్పేసెయ్యి, ధైర్యం తెచ్చుకో అని కుర్రాళ్ళని తోసే లీడర్లున్నారు, రేపు వాణ్ణి ఇంట్లోంచి గెంటేస్తే అన్నం పెట్టేది ఎవరో ముందు చెప్పి అప్పుడు తొయ్యమనండి.

మీటింగ్ చోటు

కల్యాణ మండపాలు వద్దు. బుకింగ్ పుస్తకంలో ఫంక్షన్ పేరు రాయాలి, మేనేజర్ పెళ్ళా ఓణీల ఫంక్షనా అని అడుగుతాడు, బయట బోర్డు పెడతాడు. పార్కులైతే ఎవరో ఒకరు చూస్తారు. అన్నిటికంటే నయం ఎవరైనా తెలిసిన లాయరు గారి ఆఫీసో, ఆదివారం ఖాళీగా ఉండే ట్యూషన్ సెంటరో, స్నేహితుల ఇంటి మేడమీద గదో. ఎవరి ఊళ్ళో వాళ్ళు మీటింగ్‌కి రారు, ఇది గుర్తుపెట్టుకోండి, పాలకొల్లు వాళ్ళకి రాజమండ్రి హాయి, రాజమండ్రి వాళ్ళకి కాకినాడ హాయి. అందరికీ మధ్యలో పడేది రావులపాలెం, హైవే మీద ఎటునుంచి ఎటు పోయే బస్సైనా ఆగుతుంది, ఎందుకెళ్ళావురా అంటే ఏదో ఒక పని చెప్పుకోవచ్చు. టైమ్ మాత్రం పగలే పెట్టండి, సఖినేటిపల్లి నుంచి నరసాపురం వైపు వచ్చేవాళ్ళు పంటు మీద గోదావరి దాటాలి, లంకల్లో ఉండేవాళ్ళకి చీకటి పడితే బండి దొరకదు, ఆడపిల్లలకైతే సాయంత్రం ఆరు దాటాక ఇంట్లో వంద ప్రశ్నలు. లెస్బియన్ అమ్మాయిలు మీటింగులకి రావట్లేదండీ అని వాపోయే కమిటీలు చాలా వరకు మీటింగ్ రాత్రి ఏడింటికి పెడతాయి మరి.

ఫోన్లు

మామూలు వాట్సాప్ గ్రూపులో ఒకళ్ళ నెంబరు అందరికీ కనపడుతుంది, కొత్తవాళ్ళని నేరుగా అందులో పడేయకండి. వాట్సాప్‌లోనే కమ్యూనిటీ అని ఉంటుంది, దాని అనౌన్స్‌మెంట్ గ్రూపులో మెంబర్ల నెంబర్లు మిగతా మెంబర్లకి కనపడవు, అడ్మిన్లకే కనపడతాయి, ముందు అక్కడ పెట్టి తర్వాత వాళ్ళిష్టమైతే లోపలి గ్రూపులోకి తీసుకోండి. గ్రూపు పేరు, డీపీ మామూలుగా ఉండాలి, రెయిన్‌బో బొమ్మ పెడితే ఇంట్లో చెల్లి ఫోన్ తీసినప్పుడు అయిపోయింది. ఇంకోటి, కాంటాక్ట్‌లో మనిషి పేరు పక్కన గే అనో ప్రైడ్ అనో కలిపి సేవ్ చేస్కోకండి, ఫోన్ పోయినా, ట్రూకాలర్ లాంటి యాప్‌ల్లోకి పోయినా ఆ పేరే తేలే ఛాన్స్ ఉంది. ఎవరి అసలు పేరు ఏంటి, ఎవరి ఊరేంటి అనేది ఒకళ్ళిద్దరి దగ్గరే ఉండాలి, ఎక్సెల్ షీటు చేసి అందరికీ పంపేంత డిసిప్లిన్ మనకక్కర్లేదు. పద్దెనిమిది నిండని పిల్లల్ని మీటింగులకి, గ్రూపుల్లోకి తీసుకోవద్దు, కష్టంలో ఉన్నారంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి, మనసు బాగాలేదంటే టెలీ మానస్ 14416 ఉంది.

రిజిస్ట్రేషన్, డబ్బులు

సొసైటీ రిజిస్టర్ చెయ్యాలంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. ఆ ఏడుగురి పేర్లు, సంతకాలు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో కాగితాల్లో ఉండిపోతాయి, కాబట్టి ఆ ఏడుగురూ బయటపడినా పర్లేదు అనుకునేవాళ్ళే అవ్వాలి. అంతమంది దొరకరు కదా అంటారేమో, ఏడుగురూ మనవాళ్ళే అవ్వాలని రూలేం లేదు, ఒక లాయరు, ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఒప్పుకున్న అమ్మ ఒకావిడ, అక్క ఇంకొకావిడ, ఇలా కలుపుకోవచ్చు. సంఘం పేరు కూడా ఆలోచించి పెట్టండి, చందా ఇచ్చినవాడి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ పేరే పడుతుంది, అది నాన్నగారు చూస్తారు. ఆశయాలు మాత్రం కాగితం మీద నిజమే రాయాలి, అందులో దాగుడుమూతలు వద్దు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి కమిటీ లిస్టు రిజిస్ట్రార్‌కి పంపాలి, చాలా సంఘాలు మొదటి ఏడు ఉత్సాహంగా పంపి రెండో ఏడు నుంచి మర్చిపోతాయి, తర్వాత బ్యాంకులో సంతకం మార్చడానికి వెళ్ళినప్పుడు తెలుస్తుంది నొప్పి.

సంఘం ఖాతా రాకముందు ఎవరో ఒకరి సొంత ఫోన్‌పే క్యూఆర్ పెట్టేస్తుంటారు. అది మానండి. డబ్బు పంపినవాళ్ళ పేరు బ్యాంకులో ఉన్నట్టే పడుతుంది, ట్రాన్స్ అమ్మాయిలకి చాలామందికి ఇంకా పాత పేరే ఉంటుంది, ఆ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెడితే వాళ్ళకి ఎలా ఉంటుందో చూస్కోండి. ఖాతా జాయింటుగా, ఇద్దరి సంతకంతో తెరవండి, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా నగదు తీసుకుని పుస్తకంలో రాసుకుని నెలకోసారి చదివి వినిపించండి.

ఇక ఎన్నారైలు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ప్రతి ఇంట్లో ఒకరు అమెరికాలో ఉంటారు, అందులో మనవాళ్ళూ ఉంటారు, తమ్ముడూ వంద డాలర్లు పంపుతా అంటారు. ఇక్కడ ఆగి ఒక్క ప్రశ్న అడగాలి, అన్నా నీ పాస్‌పోర్ట్ ఏది? ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడైతే ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చేది) ఉన్నా వస్తుంది, అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. వాళ్ళకి కోపమొచ్చినా సరే వద్దనండి, మొహమాటానికి పోతే సంఘమే మూతపడుతుంది.

హిజ్రా గురువుల ఇంటికి వెళ్ళడం

చదువుకున్న గే కుర్రాళ్ళు మొదలెట్టే చాలా కమిటీలు ఇక్కడే తేడా కొడతాయి. మనమింకా పుట్టకముందు నుంచి ఈ జిల్లాల్లో బయటికి తెలిసి బతుకుతున్నది హిజ్రాలు, రైల్లో తిట్లు తిన్నదీ వాళ్ళే, పోలీసోళ్ళ లాఠీ తిన్నదీ వాళ్ళే. వాళ్ళకి జమాత్ అని సొంత సంఘం ఉంటుంది, గురువు, చేలాలు అంటే శిష్యులు, అందరి పైన పెద్దగా నాయక్, ఏ ఊరు ఎవరి కింద అనే లెక్క ఉంటుంది. ఆ గురువుకి చెప్పకుండా ఆవిడ చేలాల్ని ర్యాలీకి పిలిస్తే ఆవిడని ఖాతరు చెయ్యనట్టే. పళ్ళు, తాంబూలం, వీలైతే ఒక చీర పట్టుకుని ఇంటికి వెళ్ళండి, అమ్మా అని పిలవండి, కింద కూర్చోమంటే కింద కూర్చోండి, మా ర్యాలీకి రండి అని కాకుండా ఇలా ఒకటి అనుకుంటున్నాం మీరేమంటారు అని అడగండి. ర్యాలీ రోజున వాళ్ళకి వసూలు పోతుంది, దానికి బత్తా ఇవ్వాలి, అది దానం కాదు. డాన్సుకి, ఫోటోకి పిలిచి కమిటీలో కుర్చీ మాత్రం ఇవ్వకపోతే రెండో ఏడు రారు, రాకూడదు కూడా.

వాళ్ళతో చేసే పని ర్యాలీకంటే ముందు కాగితాల పని. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో ట్రాన్స్‌జెండర్లని గుర్తించింది, 2019లో చట్టం వచ్చింది, కలెక్టర్ ఇచ్చే గుర్తింపు సర్టిఫికెట్, ఐడీ కార్డుకి నేషనల్ పోర్టల్‌లో అప్లై చెయ్యాలి. ఆధార్‌కి లింకైన ఫోన్ నెంబరు ఎప్పుడో పోయి ఉంటుంది, ఓటీపీ రాదు, సగం అప్లికేషన్లు అక్కడే ఆగుతాయి, ముందు అది సరి చేయించండి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే రోజున పోర్టల్‌లో ఏముందో అదే చూడండి, పాత వాట్సాప్ మెసేజ్ నమ్మకండి. పెన్షన్ సంగతి సచివాలయంలో కనుక్కోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కదా, ఇప్పుడు అమలాపురం వాళ్ళ కలెక్టరేట్ అమలాపురంలోనే, భీమవరం వాళ్ళది భీమవరంలోనే, ఇంకా కాకినాడ, ఏలూరు పరిగెత్తేవాళ్ళున్నారు.

ర్యాలీ

జూన్ నెల ప్రైడ్ అనేది 1969 జూన్‌లో న్యూయార్క్ స్టోన్‌వాల్ బారులో పోలీసుల దాడి మీద జరిగిన గొడవ నుంచి వచ్చింది, మనం జూన్‌లో పెడితే మొదటి వారం వడదెబ్బ, రెండో వారం నుంచి వానలు, జూలై ఆగస్టుల్లో లంకలు మునుగుతాయి. సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు నుంచి అందరూ వస్తారు కదా అప్పుడే పెడదాం అంటారు, పోలీసులు కోడిపందేల హడావిడిలో ఉంటారు, జమాత్ వాళ్ళకి వసూళ్ళ సీజను. పండక్కి వచ్చినవాళ్ళతో చిన్నగా కూర్చోండి, ర్యాలీ మాత్రం పండగ తర్వాత జనవరి చివరో ఫిబ్రవరో పెట్టుకోండి, కోనసీమ వైపైతే అంతర్వేది తీర్థం రోజులు తప్పించి. 2027లో గోదావరి పుష్కరాలు, అప్పుడు రాజమండ్రి గట్టు వైపు చూడొద్దు.

అనుమతికి డీఎస్పీ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి, ముందుగానే, కనీసం రెండు మూడు వారాలు. పోలీసు చట్టం సెక్షన్ 30 (ఊరేగింపులకి ముందు అనుమతి కావాలనేది) అమల్లో ఉంటే అనుమతి లేకుండా నలుగురు జెండా పట్టుకున్నా కేసే. కాగితంలో ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, ఎన్ని గంటలకి, ఎంతమంది, మైకుందా లేదా, బాధ్యులు ఇద్దరి పేర్లు ఫోన్లు, ఇవి చాలు, ఉపన్యాసం రాయొద్దు. ఒక కాపీ మీద ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. ఇది నేరం కదా అని ఎవరన్నా అంటే గొంతు పెంచకుండా చెప్పండి, 2018 సెప్టెంబర్ 6నే సుప్రీంకోర్టు ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య స్వలింగ సంబంధం నేరం కాదంది, 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది, ఐపీసీలో దాన్ని నేరమన్న 377 లాంటి సెక్షనే అందులో లేదు. పెళ్ళిళ్ళు చేస్తారా అని కూడా అడుగుతారు, 2023 అక్టోబర్ 17 తీర్పులో స్వలింగ పెళ్ళికి చట్టబద్ధత రాలేదు, మాది పెళ్ళి కార్యక్రమం కాదు సార్ అనండి చాలు.

ఫ్లెక్సీ మాత్రం మీ ఊళ్ళో వేయించకండి, ఫ్లెక్సీ షాపు కుర్రాడు వేసిన ప్రతి డిజైన్‌నీ వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు, మీరింకా డబ్బు కట్టకముందే ఊరంతా చూసేస్తుంది. జెండాకి గుడ్డ రాజమండ్రి తాడితోటలో తానుల లెక్కన చవగ్గా దొరుకుద్ది, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, ఎవరో ఒక టైలర్‌తో కుట్టించండి. దారిలో ఇది ఏ పార్టీ అని కచ్చితంగా అడుగుతారు, మన రాష్ట్రంలో ఆ ఆరు రంగుల్లో ఉన్న పార్టీలన్నీ వచ్చేస్తాయి మరి.

విలేకరుల్ని, యూట్యూబ్ చానళ్ళ వాళ్ళని ఆపలేం. మాట్లాడేది ఒక్కరే, ఎవరో ముందు రోజే అనుకోండి. ఫోటో వద్దనుకునేవాళ్ళకి మాస్కు, చేతికి వేరే రంగు రిబ్బను, వాళ్ళు మధ్యలో నడవాలి, వాలంటీర్లు రెండు పక్కలా. ఇక రానివాళ్ళని ఎందుకు రాలేదని అడగడం ఉండకూడదు.

అర్ధరాత్రి ఫోన్లు, లోపలి గొడవలు

ఇంట్లో బలవంతంగా పెళ్ళి ఖాయం చేశారు, గదిలో పెట్టి తాళం వేశారు, ఇలాంటి ఫోన్లు కచ్చితంగా వస్తాయి, అన్నీ ఒక్క మనిషికే వస్తే ఆ మనిషి ఏడాదిలో కూలబడతాడు. వారానికి ఒకరు ఫోన్ ఎత్తేలా వంతులు వేసుకోండి. పద్దెనిమిది దాటిన మనిషి ఇష్టమొచ్చిన చోట ఉండొచ్చు, తల్లిదండ్రులు మిస్సింగ్ కేసు పెడితే లాయరుతో కలిసి స్టేషన్‌కి వెళ్ళి నా ఇష్టంతోనే వచ్చాను అని స్టేట్‌మెంట్ ఇప్పించాలి, దాక్కుంటే కిడ్నాప్ అంటారు. లాయరు ఫీజు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100. డేటింగ్ యాప్‌లో పరిచయమై వీడియో తీసి డబ్బులడిగే ముఠాల సంగతైతే డబ్బు కట్టొద్దు, చాట్ డిలీట్ చెయ్యొద్దు, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పమనండి.

ఇంకో సంగతి ఎవరూ పైకి అనరు. కొత్తగా వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాడికి మీరే మొదట కనపడిన మనవాళ్ళు, మీరేమన్నా కాదనలేడు. కమిటీలో ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళ వెంట పడకూడదని మొదటి మీటింగ్‌లోనే రాసి సంతకాలు పెట్టండి, ఫిర్యాదు తీసుకోడానికి కమిటీ బయట మనిషిని ఒకరిని పెట్టండి, ఆ మనిషి ఫోన్ నెంబరు ప్రతి కొత్త మనిషికీ ఇవ్వండి. తిట్టు మాటలు కూడా ఇందులోకే వస్తాయి, బయటోళ్ళు అనే ఆ మాటలు మనలో మనం సరదాకి అనుకుంటాం, కొత్తవాళ్ళకి అది సరదా కాదు.

రెండేళ్ళకోసారి కమిటీ మారాలి. ఇక్కడ ఉద్యోగం వచ్చిందంటే హైదరాబాదు పోవడమే కాబట్టి ఎలాగూ మారుతుంది, మారేటప్పుడు పాస్‌వర్డులు, చెక్కు పుస్తకం, రిజిస్ట్రేషన్ ఒరిజినల్, పోలీసు ముద్ర ఉన్న కాపీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇద్దరి ఎదురుగా అప్పగించి సంతకం తీసుకోండి. వెళ్ళిపోయిన పాత లీడర్ని అడ్మిన్‌గా ఉంచకండి, పెద్దరికం కావాలంటే సలహాదారు అని పేరు పెట్టండి, చెక్కు మీద సంతకం మాత్రం తీసెయ్యండి.