సైంటిస్టు ప్రొఫైల్ చదవడం ఎలా? 3వ పాఠం: హెచ్-ఇండెక్స్‌ను చేత్తో లెక్కకట్టడం

ఒకే పేరున్న ఇద్దరి పేపర్లు కలిసిపోకుండా, ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే ఓర్కిడ్ నంబరుతో ఎలా సరిచూసుకోవాలో కిందటి పాఠంలో చూశాం. ఇప్పుడు పేపర్ల పక్కన ఉండే అంకెల్లోకి దిగుదాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. హెచ్-ఇండెక్స్‌ను వెబ్‌సైటే చూపిస్తుంటే మనకెందుకీ తంటా అనిపించవచ్చు. కానీ ఒక్కసారైనా చేత్తో చేస్తే తప్ప ఆ అంకె దేన్ని పట్టుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో అర్థం కాదు.

ఈ కొలతను 2005లో ప్రతిపాదించింది హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త. ఒక పేపరును మరో పేపరు పేర్కొన్న ప్రతిసారీ దానికి ఒక సైటేషన్ పడుతుంది. సూత్రం చిన్నదే. ఒకరి పేపర్లలో ఎనిమిదింటికి తలా ఎనిమిది సైటేషన్లైనా ఉండి, తొమ్మిదింటికి తలా తొమ్మిది లేకపోతే, హెచ్-ఇండెక్స్ 8.

ఒక సెల్ బయాలజిస్టును ఊహించుకుందాం. ఆమెవి పన్నెండు పేపర్లు. వాటి సైటేషన్లను పెద్ద అంకె నుంచి చిన్నదాకా రాస్తే:

412, 96, 41, 28, 17, 11, 9, 9, 8, 5, 3, 0

ఒక్కోదాని కింద 1, 2, 3 అంటూ వరస నంబరు వేయండి. పైఅంకె కింది నంబరుకు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉన్నంతవరకు ముందుకు వెళ్లండి. ఎనిమిదో చోట 9 ఉంది, సరిపోయింది. తొమ్మిదో చోట 8 ఉంది, చాలలేదు. అక్కడ ఆగాలి. హెచ్-ఇండెక్స్ 8. పరిశోధన పేపర్లను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో దాని కిందే కనిపించే ఐ10 ఇంకా సులువు: పది లేదా అంతకన్నా ఎక్కువ సైటేషన్లున్న పేపర్లెన్నో లెక్కపెట్టడమే. ఇక్కడ 6.

ఇప్పుడు 412ను కొట్టేయండి. మొత్తం సైటేషన్లు 639 నుంచి ఒక్కసారిగా 227కు పడిపోయాయి. హెచ్-ఇండెక్స్‌ను మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టండి. 96 మొదటి చోటికి వచ్చింది, ఎనిమిదో చోట 8 పడింది. సరిగ్గా సరిపోయింది. అంటే హెచ్-ఇండెక్స్ ఇప్పుడూ 8!

మూడింట రెండు వంతుల సైటేషన్లు పోయినా ఈ కొలతలో చలనం లేదు. ఇది దాని గొప్పా, లోపమా? 412 సైటేషన్లున్న పేపరు ఏమిటో తెరిచి చూస్తే గానీ చెప్పలేం.

అది మార్గదర్శకాల పేపరు కావచ్చు. ఆటోఫాజీ, అంటే కణం తన సొంత భాగాలనే జీర్ణం చేసుకునే ప్రక్రియ, దాన్ని ఎలా కొలవాలో చెబుతూ 2016లో వచ్చిన మార్గదర్శకాలకు రెండు వేల మందికి పైగా రచయితలున్నారు. అందరి ఖాతాలోనూ ఆ సైటేషన్లన్నీ పూర్తిగా జమవుతాయి. అలాంటి పేపరైతే హెచ్-ఇండెక్స్ దాన్ని పట్టించుకోకపోవడమే మంచిది.

ప్రయోగ పద్ధతి గురించిన పేపరూ కావచ్చు. ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి మీద లౌరీ బృందం 1951లో రాసిన పేపరుకు మూడు లక్షలకు పైగా సైటేషన్లున్నాయి. ల్యాబ్‌లో ఆ పద్ధతి వాడినవాళ్లు దాన్ని పేర్కొంటూ పోయారు, అంతే. అది నిజమైన ఉపకారమే, కాకపోతే కొత్త ఆవిష్కరణకు వచ్చే గుర్తింపు వేరు.

లేదంటే అది అసలైన ఆవిష్కరణే అయి ఉండొచ్చు. యొషినోరి ఒహ్సుమి ఈస్ట్ కణాల్లో ఆటోఫాజీ జరగని మ్యూటెంట్లను, అంటే జన్యువు మారిన కణాలను వేరుచేసి, 1993లో ఫెబ్స్ లెటర్స్ అనే జర్నల్‌లో ప్రచురించారు. అప్పట్లో ఆ రంగంలో పనిచేసేవాళ్లే తక్కువ. 2016లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇలాంటి పేపరైనా సరే, హెచ్-ఇండెక్స్ లెక్కలో పదింటిలో ఒకటి. ఇక్కడ మాత్రం ఆ కొలత గుడ్డిదే.

పేపరు తెరిచారు కాబట్టి రచయితల వరస కూడా చూడండి. సెల్ బయాలజీలో సాధారణంగా మొదటి పేరు బల్ల దగ్గర కూర్చుని ప్రయోగాలు చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపేవాళ్లది. ఒకే వ్యక్తి పేరు కొన్నేళ్లు మొదట్లో ఉండి, తర్వాత చివరికి మారిందంటే సొంత ల్యాబ్ పెట్టారన్నమాట. ఎప్పుడూ మధ్యలోనే ఉంటే, ఏం చేసి పెట్టారో పేపరు చివరి 'రచయితల పాత్ర' విభాగంలో వెతకాలి. అక్కడ రాసేదాంట్లో మొహమాటం కూడా కొంత ఉంటుంది లెండి.

గూగుల్ స్కాలర్ థీసిస్‌లనూ ప్రీప్రింట్లనూ (జర్నల్‌లో రాకముందే బయటపెట్టిన పేపర్లు) కలుపుకుంటుంది కాబట్టి దాని అంకె, సైటేషన్లు లెక్కపెట్టే మరో డేటాబేస్ అయిన స్కోపస్ కన్నా సాధారణంగా ఎక్కువే ఉంటుంది. ఇద్దరిని పోల్చేటప్పుడు ఒకే చోటి అంకెలు వాడండి. గణితవేత్తతో సెల్ బయాలజిస్టును అసలు పోల్చకండి, పేపర్ల కింద రెఫరెన్సులు ఇచ్చే అలవాటే వేరు.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి కొందరు అడుగుతుంటారు. అది జర్నల్‌లోని పేపర్లకు వచ్చే సైటేషన్ల సగటు, మనిషిది కాదు. దాన్ని మనుషుల్ని తూచడానికి వాడొద్దని గట్టిగా చెప్పిన 'డోరా' ప్రకటనకు బీజం పడింది కూడా సెల్ బయాలజిస్టుల సభలోనే, 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో. నా మాట కూడా అదే: ప్రొఫైల్ చదివేటప్పుడు ఆ అంకెను పక్కన పెట్టేయండి.

ఇక అభ్యాసం. ఒకరి పేపర్ల సైటేషన్లు: 150, 30, 12, 7, 7, 6, 2. హెచ్-ఇండెక్స్ ఎంత? అది ఒకటి పెరగాలంటే కనీసం ఎన్ని కొత్త సైటేషన్లు రావాలి, అవి ఏ పేపర్లకు రావాలి? రెండో ప్రశ్నకు జవాబు రాబట్టాక, ఆ సైటేషన్లను ఆయనే తన తర్వాతి పేపర్లో ఇచ్చుకోగలరా అన్నదీ ఆలోచించి ఉంచండి. 4వ పాఠం అక్కడే మొదలవుతుంది.