ఉగాది నుంచి ఎంగిలి పూల దాకా ఒక్క నోటుబుక్కు

వరంగల్ కొత్తవాడలో మా ఇంటి ముందుగదిలో సగం మగ్గానిదే. బాపు అక్కడ ముప్పై ఎనిమిదేళ్లు జంపఖానాలు నేశాడు. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు వచ్చేనాటికి ఆయన మగ్గం దిగి మూడేళ్లయింది. నేను హన్మకొండలో ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను. నలభై ఆరేళ్లు వచ్చాక, నాకంటూ ఒక పని ఉండాలని తపన పట్టుకుంది.

మొదట జనవరి ఒకటిన మొదలుపెట్టాను. ఇంగ్లీషు, యోగా, బొమ్మలు వేయడం, పొదుపు, భద్రకాళి చెరువు కట్ట మీద నడక అని ఐదు రాసుకున్నాను. రంగుల పెట్టెకే పద్దెనిమిది వందలు పెట్టాను. సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే ఐదూ ఆగిపోయాయి. బాధతో బాపుకు చెబితే ఆయన ఒకటే అడిగాడు: "పడుగు పోయకుండా పేక ఎక్కడ నేస్తావు బిడ్డా?"

మగ్గం మీద ముందుగా నిలువుగా పరిచే పోగులు పడుగు, వాటి మధ్య అడ్డంగా నేసే పోగు పేక. బాపు మాట పట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను. మీరూ మొదలుపెట్టాలనుకుంటే నేను చేసినట్టు చేసి చూడండి.

ముందు ఒక కాగితం మీద కోరికలన్నీ రాయండి. ఒక్కొక్కదాని పక్కన, అది ఎవరి కోరికో రాయండి. నా ఇంగ్లీషు మా ఆఫీసులో వాళ్ల కోసం, యోగా మా చెల్లెలి పోరు మీద. అవి కొట్టేశాను. ఎవరూ అడగకపోయినా, ఎవరూ చూడకపోయినా చేయాలనిపించేది ఏదో అదే మిగలాలి. నాకు మిగిలింది ఒక్కటే. బాపు నోట్లో ఉన్న మగ్గం మాటలు ఆయనతోనే పోకూడదు. పడుగు, పేక, పేక నూలు చుట్టే కండె, ఆ కండెను పెట్టి పడుగులోంచి అటూ ఇటూ పంపే నాడె, ఇంకా అచ్చు, చిలప, ఆసు. మా అమ్మాయికి వీటిలో రెండు కూడా తెలియవు.

తరువాత గడువు. సంవత్సరం చాలా పొడుగు, వారం చాలా పొట్టి. ఉగాది నుంచి బతుకమ్మ పండుగ మొదటి రోజైన ఎంగిలి పూల బతుకమ్మ దాకా సరిగ్గా సరిపోతుంది. చైత్ర పాడ్యమి నుంచి భాద్రపద అమావాస్యకు నిండుగా ఆరు నెలలు, అధికమాసం వస్తే ఏడు. 2025లో మార్చి 30 నుంచి సెప్టెంబరు 21 వరకు, రెండు రోజులూ కలుపుకుని 176 రోజులు. పండుగ తేదీని మనం వాయిదా వేయలేం కదా, గడువుగా దాన్ని పెట్టుకోవడంలో ఉన్న బలం అదే.

ఇక అసలు సంగతి రోజువారీ పని. "పుస్తకం రాయాలి" అనుకుంటే చేయి కదలదు. అందుకే నేను రోజుకు ఒక మాట, ఒక బొమ్మ అనుకున్నాను. పిల్లలు లెక్కలకు వాడే గళ్ల కాగితాల నోటుబుక్కు, ఒక పెన్సిలు, అంతే. పేజీ పైన మాట, మధ్యలో బొమ్మ, కింద బాపు చెప్పిన రెండు వాక్యాలు. అంచు డిజైను అయితే గడుల్లో రంగుల పేర్లు రాస్తాను. ఒక గడి ఎరుపు, రెండు గడులు నలుపు, మళ్లీ ఎరుపు. ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ రంగుల పెట్టెను పక్కింటి పిల్లకు ఇచ్చేశాను. సామాను తగ్గిన కొద్దీ పనిలో కూర్చోవడం తేలికవుతుంది, ఇది నేను గట్టిగా నమ్ముతాను.

కొత్త పనికి కొత్త వేళ వెతకకండి, ఉన్న అలవాటుకు ముడేయండి. పొద్దున బాపుకు చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చోవడం నాకు ఎలాగూ ఉంది. నోటుబుక్కును చాయ్ గ్లాసుల పక్కనే పెట్టాను. ఫోను మాత్రం వంటగదిలో ఉంటుంది.

తప్పిన రోజులు ఉంటాయి. బాపుకు జ్వరం వచ్చి పదకొండు రోజులు పెన్సిలు ముట్టలేదు. పన్నెండో రోజు బాకీ తీర్చాలని నాలుగు పేజీలు వేస్తే, ఒక్కటీ బాగా రాలేదు. పోగు తెగితే ముడి వేసి అక్కడి నుంచే నేస్తారు. అలాగే బాకీ కట్టకుండా ఆ రోజు పేజీ ఒక్కటే వేయండి.

ఆదివారం పది నిమిషాలు కూర్చుని పేజీలు లెక్కపెట్టండి. మూడు వారాలు వరుసగా వారానికి నాలుగు పేజీలు దాటకపోతే పని పెద్దదైందని అర్థం, దాన్ని సగం చేయండి. నేను శ్రావణంలో బొమ్మ మానేసి మాట మాత్రమే రాశాను.

ఎంగిలి పూల నాటికి 112 పేజీలయ్యాయి. ఆ సాయంత్రం అవ్వ తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి గునుగు, తంగేడు పేరుస్తుంటే, నోటుబుక్కు బాపు చేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని ఒక్కో పేజీ తిప్పాడు. నలభయ్యో పేజీ దగ్గర ఆగి, పెన్సిలు అడిగి, నాడెలో కండె ఎటు తిరిగి ఉండాలో గీత గీసి సరిచేశాడు. తరువాత చివరి ఖాళీ పేజీ తెరిచి, నేను ఎప్పుడూ వినని ఇంకో మాట తనే రాశాడు.