డీబగ్గర్‌కు ఇచ్చిన ఆర్గ్యుమెంట్ చెల్లనప్పుడు ఏం చేయాలి?

ప్రోగ్రామును డీబగ్గర్ (తప్పులు వెతికే సాధనం) కింద నడిపేటప్పుడు ఒకే కమాండ్ లైన్‌లో రెండు రకాల ఆర్గ్యుమెంట్లు (కమాండుతో పాటు ఇచ్చే విలువలు, ఆప్షన్లు) ఉంటాయి. కొన్ని డీబగ్గర్‌వి, మిగిలినవి మన ప్రోగ్రామువి. ఆర్గ్యుమెంట్ చెల్లదన్న సందేశం రాగానే అందరూ స్పెల్లింగు వెతుకుతారు. అంతకంటే ముందు ఆ ఆర్గ్యుమెంటును ఎవరు చదివారో తేల్చుకోవాలి. (కింది ఆప్షన్లను టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాలతోనే టైపు చేయాలి.)

ముందుగా జీడీబీ అనే డీబగ్గర్. ‘లెక్క’ అనే ప్రోగ్రాము ఒక డేటా ఫైలును చదువుతుందనుకుందాం. ‘జీడీబీ ./లెక్క డేటా’ అని ఇస్తే ఆ ఫైలు పేరు ప్రోగ్రాముకు చేరదు. ప్రోగ్రాము పేరు తర్వాత వచ్చినదాన్ని జీడీబీ కోర్ ఫైలుగా (ప్రోగ్రాము కూలినప్పుడు దాని మెమరీని దాచిన ఫైలు, అదే కోర్ డంప్) భావించి, అది కోర్ డంప్ కాదని చెబుతుంది. అక్కడ ఉన్నది అంకెతో మొదలైతే, ముందుగా దాన్ని ప్రాసెస్ ఐడీగా (నడుస్తున్న ప్రోగ్రాము గుర్తింపు సంఖ్య) తీసుకుని ఆ ప్రాసెస్‌కు అటాచ్ కావడానికి ప్రయత్నిస్తుంది. అంటే ప్రోగ్రాముకు 4500 అన్న సంఖ్యను ఇవ్వబోయి, అదే ఐడీతో నడుస్తున్న మరో ప్రాసెస్‌ను, అనుమతి ఉంటే, మధ్యలో ఆపేయవచ్చు.

హైఫన్లతో మొదలయ్యే ఆప్షన్లతో చిక్కు ఇంకా ఎక్కువ. తనకు తెలియని ఆప్షన్ కనిపిస్తే జీడీబీ దాన్ని గుర్తించలేదని చెప్పి ఆగిపోతుంది, అది మేలే. కానీ ‘--క్వైట్’ వంటిది మన ప్రోగ్రాముకూ జీడీబీకీ రెండింటికీ ఉంటే, జీడీబీ దాన్ని తనదిగా తీసుకుని ఏమీ చెప్పకుండా ముందుకు సాగుతుంది. ఎర్రర్ రాదు కాబట్టి ప్రోగ్రాములోనే తప్పుందని మనం వెతుకుతూ ఉంటాం. తిరస్కరణకు గురైన ఆర్గ్యుమెంట్ కంటే, ఇలా దారి తప్పిన ఆర్గ్యుమెంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

దీనికి పరిష్కారం ‘--ఆర్గ్స్’. జీడీబీ సొంత ఆప్షన్లను (కింద ‘-క్యూ’ అలాంటిదే) ముందు రాసి, తర్వాత ‘--ఆర్గ్స్’, ఆపై ప్రోగ్రాము పేరు, దాని ఆర్గ్యుమెంట్లు వరుసగా రాయాలి:

జీడీబీ -క్యూ --ఆర్గ్స్ ./లెక్క --క్వైట్ డేటా

లోపలికి వెళ్లాక ‘షో ఆర్గ్స్’ అని అడిగితే ప్రోగ్రాముకు అందబోయేవి కనిపిస్తాయి. తప్పుంటే జీడీబీని మూయనక్కర లేదు. ‘సెట్ ఆర్గ్స్’ తర్వాత సరైనవి రాసి ‘రన్’ ఇస్తే చాలు. అయితే ఫైలును ఇన్‌పుట్‌గా మళ్లించే ‘<’ గుర్తును మాత్రం ఈ లైన్లో పెట్టకూడదు. అలా పెడితే షెల్ (టెర్మినల్‌లో మన కమాండ్లను చదివి నడిపేది) ఆ ఫైలును జీడీబీకే అందిస్తుంది, జీడీబీ అందులోని వరుసలను తన కమాండ్లుగా చదవబోతుంది. ఆ మళ్లింపును లోపల ‘రన్’ పక్కన రాయాలి.

మెమరీ తప్పుల వంటివి పట్టే వాల్‌గ్రైండ్‌లో నియమం సూటిగా ఉంటుంది: దాని ఆప్షన్లన్నీ ప్రోగ్రాము పేరుకు ముందే రావాలి, తర్వాత వచ్చినవన్నీ ప్రోగ్రాముకే వెళ్తాయి. ‘--లీక్-చెక్=ఫుల్’లో సమానం గుర్తు బదులు ఖాళీ వదిలితే ఆప్షన్ చెల్లదు.

మనం టైపు చేయని ఆప్షన్‌ను వాల్‌గ్రైండ్ తప్పుపడితే, హోమ్ డైరెక్టరీలోనూ ప్రస్తుత డైరెక్టరీలోనూ ‘.వాల్‌గ్రైండ్‌ఆర్‌సీ’ ఫైలును, ‘వాల్‌గ్రైండ్_ఆప్ట్స్’ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను తెరిచి చూడాలి. వాల్‌గ్రైండ్‌లోని మెమ్‌చెక్ అనే టూల్‌కు మాత్రమే చెందిన ఆప్షన్ అక్కడ ఉండిపోతే, క్యాష్‌గ్రైండ్ అనే మరో టూల్‌ను నడిపిన రోజున అది చెల్లదు. దాన్ని ‘--మెమ్‌చెక్:లీక్-చెక్=ఫుల్’ అని టూల్ పేరుతో కలిపి రాస్తే మిగతా టూల్స్ దాన్ని పట్టించుకోవు.